కార్డు కొనే ముందు కొలత తీయండి

‘అన్నా, పాతిక వేలున్నాయి. ఏ గ్రాఫిక్స్‌ కార్డు కొనమంటావ్‌?’

తగరపువలస మెయిన్‌రోడ్డులో టీ తాగుతున్నప్పుడో, పెళ్లి భోజనాల దగ్గరో, అర్ధరాత్రి ఫోన్‌ మెసేజ్‌లోనో.. తరచూ ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతుంటారు. ఎక్కువగా సంగివలస వైపు కాలేజీకి వెళ్లే ఇంజినీరింగ్‌ కుర్రాళ్లు. నేను తిరిగి ఒకటే ప్రశ్న వేస్తా. ‘ఇప్పుడున్న ప్రాసెసర్‌ ఏంటి?’ అని. ‘ఐ5 అన్నా’ అంటారు. ఎన్నో తరం ఐ5 అంటే మాత్రం జవాబు రాదు.

వాళ్లని తప్పుపట్టను. 2018లో నేనూ అంతే.

అప్పుడు బీటెక్‌ మూడో ఏడాది. ఇంట్లో ఉన్నది పెంటియం జీ2020 ప్రాసెసర్‌, 4 జీబీ ర్యామ్‌. సీఎస్‌ గో ఆడుతుంటే, నలుగురు ఒకచోట చేరి కాల్పులు మొదలవగానే తెర ఆగి ఆగి కదిలేది. జీటీఎక్స్‌ 1050 టీఐ కార్డు వేస్తే అన్నీ తీరిపోతాయని నాలుగు వీడియోలు చూసి తేల్చుకున్నా. మా నాన్న టైలరు. పండగ సీజన్లో రాత్రీ పగలూ మిషన్‌ తొక్కి దాచిన డబ్బులోంచి 15 వేలు తీసిచ్చారు. ‘ప్రాజెక్టుకీ పనికొస్తుంది నాన్నా’ అని నమ్మబలికా.

కార్డు బిగించా. బొమ్మ అందంగా వచ్చింది. కుదుపులు మాత్రం అలాగే ఉన్నాయి. రెండ్రోజులు ఇంట్లో నోరు విప్పలేదు. మూడో రోజు ఆయనే ‘ఏటిరా, బాగుందా?’ అని అడిగారు. నిజం చెప్పేశా. తిట్టలేదు. మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టి, ‘కొలత తీయకుండా కత్తెర పెట్టీసేవురా’ అన్నారు. అంతే.

ఆ తర్వాత కొలిస్తే అసలు సంగతి తెలిసింది. ఆట నడుస్తున్నంతసేపూ ప్రాసెసర్‌లోని రెండు కోర్లూ నూరు శాతం దగ్గర ఊపిరాడకుండా ఉన్నాయి. కొత్త కార్డేమో సగం బలం కూడా వాడట్లేదు. అదే మదర్‌బోర్డులో పట్టే నాలుగు కోర్ల ఐ5 3470 పాతది 4 వేల లోపే దొరికింది. దానికి ఇంకో 4 జీబీ ర్యామ్‌ జోడించాక కుదుపులు పోయాయి. ముందే కొలిచి ఉంటే ఆ 15 వేలలోనే చిన్న కార్డు, ప్రాసెసర్‌, ర్యామ్‌ మూడూ వచ్చేవి. మీరు ఆ పొరపాటు చేయకూడదనే ఇదంతా.

జోడెద్దుల బండి

గేమ్‌లో శత్రువు ఎటు కదలాలి, తూటా ఎక్కడ తగిలింది, ఏ వస్తువు ఎక్కడుంది.. ఈ లెక్కలన్నీ ప్రాసెసర్‌ చేస్తుంది. ఆ లెక్కల ప్రకారం తెర మీద బొమ్మ గీసేది గ్రాఫిక్స్‌ కార్డు. ప్రతి ఫ్రేమ్‌కీ ఇద్దరూ పనిచేయాలి. జోడెద్దుల్లో ఒకటి బక్కదైతే రెండోది ఎంత బలంగా ఉన్నా బండి బక్కదాని నడకే నడుస్తుంది. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది, మీ బండిలో బక్క ఎద్దు ఏదన్నది.

పైసా ఖర్చులేని పరీక్ష

మీరు ఎక్కువగా ఆడే గేమ్‌ పెట్టండి. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆట నడుస్తుండగానే తెర మూలన అంకెలు కనిపించేలా చేసుకోవచ్చు. అది వద్దనుకుంటే కంట్రోల్‌, షిఫ్ట్‌, ఎస్కేప్‌ మీటలు కలిపి నొక్కి టాస్క్‌ మేనేజర్‌ తెరవండి. పావుగంట ఆడి వీటిని కాగితం మీద రాసుకోండి.

* కార్డు వాడకం 95 శాతం పైనే నిలకడగా ఉందా? అయితే కార్డే చాలట్లేదు. దాన్ని మార్చడంలో అర్థముంది.

* కార్డు వాడకం 50, 60 శాతం దగ్గరే ఆగిపోయి, ఫ్రేములు పెరగట్లేదా? అనుమానం ప్రాసెసర్‌ మీదకి మళ్లించండి. అంతకుముందు గేమ్‌ సెట్టింగ్స్‌లో వీ-సింక్‌, ఫ్రేమ్‌ పరిమితి ఆపేశారో లేదో చూసుకోండి.

* నమ్మకం కుదరకపోతే రిజల్యూషన్‌ తగ్గించి మళ్లీ ఆడండి. 1080పీ నుంచి 720పీకి దించినా ఫ్రేములు అంతే వస్తుంటే ఇబ్బంది ప్రాసెసర్‌ దగ్గరే. గబుక్కున పెరిగితే కార్డు దగ్గర.

ఒక చిన్న మెలిక ఉంది. ప్రాసెసర్‌ మొత్తం వాడకం 35 శాతమే చూపిస్తున్నా అది చాలుతోందని అనుకోవద్దు. చాలా గేములు ఒకటి రెండు కోర్ల మీదే భారం వేస్తాయి. అందుకే కోర్ల వారీగా చూడాలి.

ఇవి చూశాక రెండూ బాగానే ఉన్నాయని తేలొచ్చు. అప్పుడు మిగతావాటిని గమనించండి. ర్యామ్‌ ఒకే స్టిక్‌ ఉంటే అంతే సామర్థ్యమున్న రెండోది వేస్తే డ్యూయల్‌ ఛానల్‌ అవుతుంది, చాలా గేముల్లో కుదుపులు తగ్గుతాయి. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్‌ చేయకపోతే, మీరు డబ్బిచ్చి కొన్న వేగంలో ర్యామ్‌ పనిచేయదు. మానిటర్‌ 60 హెర్ట్జ్‌దైతే సెకనుకి 140 ఫ్రేములు వచ్చినా అది చూపించేది 60 మాత్రమే.

ప్రాసెసర్‌ అయితే..

ప్రాసెసర్‌ మార్చాలని తేలిందా? షాపుకెళ్లే ముందు మదర్‌బోర్డు పేరు, సాకెట్‌, చిప్‌సెట్‌ రాసుకోండి. సాకెట్‌లో పట్టినంత మాత్రాన పనిచేస్తుందని లేదు. ఇంటెల్‌ 6, 7 తరాల ప్రాసెసర్లూ, 8, 9 తరాలవీ ఎల్‌జీఏ 1151 సాకెట్‌వే. అయినా 6, 7 తరాల బోర్డు మీద 8వ తరం ప్రాసెసర్‌కి అధికారిక మద్దతు లేదు. ఈ తేడా తెలియక కొని తలపట్టుకున్నవాళ్లున్నారు. ఎల్‌జీఏ 1700 బోర్డులున్నవాళ్లు నయం. సరైన బయాస్‌ ఉంటే 12, 13, 14 తరాలు మూడూ దానిమీద నడుస్తాయి.

ఏఎండీ ఏఎం4 బోర్డు ఉన్నవాళ్లు ఇంకా అదృష్టవంతులు. 2017లో మొదటి రైజెన్‌ వచ్చిన సాకెట్‌లోనే 2022లో రైజెన్‌ 5 5600, 5800 ఎక్స్‌3డీ వచ్చాయి. ఏళ్ల కిందటి బోర్డుల్లో చాలావాటికి బయాస్‌ అప్‌డేట్‌ చేస్తే చాలు. పాత రైజెన్‌ తీసి ఆరు కోర్ల 5600 వేసుకుంటే బోర్డు, ర్యామ్‌ కొనే పనే ఉండదు. బయాస్‌ అప్‌డేట్‌ సగంలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. మన దగ్గర ఎప్పుడు పోతుందో చెప్పలేం. యూపీఎస్‌ లేకుండా ఆ పని మొదలుపెట్టొద్దు.

ఇంకో సంగతి. విండోస్‌ 10కి మైక్రోసాఫ్ట్‌ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్‌ 11 అధికారిక జాబితా ఇంటెల్‌లో ఇంచుమించు 8వ తరం నుంచి, ఏఎండీలో రైజెన్‌ 2000 నుంచి మొదలవుతుంది. మీది అంతకన్నా పాతదైతే దానికి ఖరీదైన కార్డు తగిలించడం కన్నా, ప్రాసెసర్‌, బోర్డు, ర్యామ్‌ కలిపి మార్చడానికి డబ్బు దాచుకోవడం మేలు.

కార్డు అయితే..

కార్డు కొనాలంటే మొదట చూడాల్సింది ఎస్‌ఎంపీఎస్‌. మదర్‌బోర్డు స్లాట్‌ నుంచి కార్డుకి 75 వాట్ల వరకే అందుతుంది. అంతకుమించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్‌ నుంచి విడిగా వైరు రావాలి. 6 పిన్నులదైతే మరో 75, 8 పిన్నులదైతే 150 వాట్లు. ఆర్‌టీఎక్స్‌ 4060 తినేది 115 వాట్లే అయినా, మొత్తం సిస్టమ్‌కి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ ఉండాలని ఎన్విడియా చెబుతుంది. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌ మీద రాసిన వాట్లని గుడ్డిగా నమ్మొద్దు. అది కాలిపోతే ఒక్కటే పోదు, పక్కవాటినీ తీసుకుపోగలదు.

పేరు చూసి మోసపోవద్దు. ఆర్‌టీఎక్స్‌ 3050 పేరుతోనే 8 జీబీ, 6 జీబీ కార్డులున్నాయి. 8 జీబీది 130 వాట్లు, విడిగా వైరు కావాలి. 2024లో వచ్చిన 6 జీబీది 70 వాట్లు, మామూలుగా వైరు అక్కర్లేదు. కానీ దానిలో కోర్లు తక్కువ, వేగమూ తక్కువే. చిన్న ఎస్‌ఎంపీఎస్‌ ఉన్నవాళ్లకి అది వరం, తెలియక కొన్నవాళ్లకి నిరాశ. అలాగే ఆర్‌ఎక్స్‌ 6500 ఎక్స్‌టీ నాలుగు పీసీఐ లేన్లే వాడుతుంది. పీసీఐ 3.0 ఉన్న పాత బోర్డులో పెడితే చాలా గేముల్లో వేగం పడిపోతుంది. అంటే పాత సిస్టమ్‌ ఉన్నవాళ్లు కొనే చవక కార్డే పాత సిస్టమ్‌లో సరిగా ఆడదన్నమాట.

సెకండ్‌ హ్యాండ్‌ తీసుకుంటున్నారా? 2022 సెప్టెంబరులో ఇథీరియమ్‌ పద్ధతి మార్చుకోవడంతో మైనింగ్‌లో వాడిన కార్డులు చాలా మార్కెట్లోకి వచ్చాయి. వాటన్నింటినీ చెడ్డవనలేం కానీ అరగంట భారీ గేమ్‌ నడిపి వేడి, ఫ్యాన్‌ శబ్దం, తెరమీద మచ్చలు చూడకుండా డబ్బివ్వొద్దు. జీపీయూ-జడ్‌ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. పాత కార్డుకి కొత్త పేరు తగిలించి అమ్మే నకిలీలను చాలావరకు అది పట్టేస్తుంది. విశాఖ షాపుల్లో కొన్నా, సికింద్రాబాద్‌ సీటీసీలో కొన్నా సీరియల్‌ నంబరున్న జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు లేకపోతే తగ్గించే ఆ వెయ్యి, కార్డు పాడైన రోజు ఎందుకూ పనికిరాదు.

ఉప్పుగాలి సంగతి

బెంగళూరు వీడియోల్లో ఎవరూ చెప్పని మాట ఒకటి. మనకి పక్కనే భీమిలి సముద్రం. ఉప్పుగాలి, తేమ, దానికి తోడు హైవే దుమ్ము. సిస్టమ్‌ని కిటికీ పక్కన, నేల మీద పెట్టకండి. మూడు నెలలకోసారి ఫ్యాన్లు, హీట్‌సింక్‌ శుభ్రం చేయండి. వేడెక్కితే ప్రాసెసరూ, కార్డూ వాటంతటవే వేగం తగ్గించేసుకుంటాయి. కొత్త కార్డు కావాలని వచ్చిన ఒక తమ్ముడి సిస్టమ్‌ విప్పి చూస్తే హీట్‌సింక్‌ నిండా దుమ్ము. దులిపి, కొత్త థర్మల్‌ పేస్టు రాశాం. అయిన ఖర్చు 300. కార్డు కొనే ఆలోచన ఏడాది వాయిదా పడింది.

ఆట ఒక్కటేనా?

‘చదువుకీ పనికొస్తుంది’ అని ఇంట్లో చెప్పే మాట అబద్ధం కానక్కర్లేదు. 2012లో ఇమేజ్‌నెట్‌ పోటీలో గెలిచి కృత్రిమ మేధ దారినే మార్చిన అలెక్స్‌నెట్‌కి శిక్షణ ఇచ్చింది రెండు జీటీఎక్స్‌ 580 కార్డుల మీద. అవి గేమింగ్‌ కార్డులే, ఒక్కోదానిలో 3 జీబీ మెమరీ. ఈరోజు 8 జీబీ ఉన్న ఎన్విడియా కార్డుతో కుడా, పైటార్చ్‌ నేర్చుకోవచ్చు, బ్లెండర్‌లో యానిమేషన్‌ చేయొచ్చు. అయితే చదువు కోసమే అయితే తొందరపడొద్దు. గూగుల్‌ కొలాబ్‌, కాగుల్‌లో జీపీయూ కొంత పరిమితి వరకు ఉచితంగా దొరుకుతుంది. మొదట అక్కడ మొదలుపెట్టండి. ఆ పరిమితి మీకు చాలని రోజు కొనండి.

నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘ఒక సిస్టమ్‌ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు వస్తే ఏం చేస్తావ్‌?’ అని అడిగారు. పుస్తకంలో జవాబు గుర్తురాలేదు. 15 వేల కార్డు కథ చెప్పా. ముందు కొలుస్తా, ఎక్కడ ఆగుతోందో చూస్తా, ఒక్కసారికి ఒక్కటే మారుస్తా, మళ్లీ కొలుస్తా అన్నా. ఉద్యోగం వచ్చింది. సర్వర్‌ అయినా, యాప్‌ అయినా ఇప్పటికీ నేను చేసే పని అదే.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ.. ‘ఏ కార్డు కొనాలి?’ అని మెసేజ్‌ పెట్టే ముందు పావుగంట ఆడి ఆ అంకెలు రాసుకోండి. ప్రాసెసర్‌ పేరు, బోర్డు పేరు, ఎస్‌ఎంపీఎస్‌ వాట్లు కూడా. ఆ కాగితం చేతిలో ఉంటే చాలాసార్లు నన్ను అడిగే అవసరమే రాదు. ఇంట్లోవాళ్లని డబ్బులడిగేటప్పుడు కూడా అదే చూపించండి. ఎందుకు కావాలో లెక్కతో చెప్పిన పిల్లల మాట ఇంట్లోవాళ్లూ వింటారు.