సంస్థకు సొంత టార్టాన్: రూపకల్పన, నమోదు, హక్కులు

స్కాట్లాండ్‌లో వంశాలకే కాక సంస్థలకు, సైనిక దళాలకు కూడా టార్టాన్ అనే ప్రత్యేక గళ్ళ వస్త్రం ఉండడం పరిపాటి. సొంత టార్టాన్ కోరే సంస్థ ముందుగా తన చిహ్నంలోని రంగులను రూపశిల్పికి తెలియజేస్తుంది. ఏ రంగు పోగులు ఎన్ని, ఏ వరుసలో రావాలో ఆయన లెక్క కడతారు. సాధారణంగా పడుగుకు, పేకకు ఒకే లెక్క వర్తిస్తుంది. రెండు రంగులు కలిసిన చోట మిశ్రమ ఛాయ ఏర్పడుతుంది. నాలుగు రంగులు వాడితే వస్త్రంపై 10 ఛాయలు వస్తాయి. చిహ్నంలోని రంగులన్నీ ఉండి తీరాలని సంస్థ పట్టుబడితే గళ్ళు కలగాపులగమవుతాయి.

2008 నాటి చట్టం మేరకు 2009 ఫిబ్రవరిలో ప్రారంభమైన టార్టాన్ రిజిస్టరును స్కాట్లాండ్ జాతీయ రికార్డుల సంస్థ నిర్వహిస్తున్నది. పోగుల లెక్క, రంగులు, పేరు, ఆ పేరుతో దరఖాస్తుదారుకు గల సంబంధం తెలుపుతూ నిర్ణీత రుసుముతో దరఖాస్తు చేసుకోవాలి. నేసిన నమూనా తప్పనిసరి కాదు.

అయితే ఈ నమోదు కేవలం రికార్డు మాత్రమే. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వల్ల లభించిన చట్టపరమైన రక్షణ వంటిది దీనితో రాదు. అనుకరణను నిరోధించదలచిన సంస్థ డిజైన్ హక్కును విడిగా పొందవలసి ఉంటుంది. స్వతంత్ర రూపశిల్పితో పని చేయించుకున్నప్పుడు, హక్కుల బదిలీని ఒప్పందంలో రాసుకోనట్లయితే కాపీరైట్ సాధారణంగా ఆ రూపశిల్పికే చెందుతుంది.