నడుము వాల్చడమా, నడుము కట్టడమా? : నడుముపై ఒత్తిడిని తగ్గించే వ్యాయామం, మృదుకణజాల సంరక్షణ

వ్యాససంగ్రహం:
చదువు, రాత, బోధన వృత్తిగా గలవారిని తరచుగా వేధించే సమస్య నడుము నొప్పి. నొప్పి రాగానే మంచం పట్టడం, లేదా కాపడంతోనో మర్దనతోనో సరిపెట్టుకోవడం పరిపాటి. వెన్నుపూసల మధ్య ఒత్తిడిపై జరిగిన కొలతలను, ఇటీవలి చికిత్సా మార్గదర్శకాలను ఆధారం చేసుకొని, మృదుకణజాల సంరక్షణకూ వ్యాయామానికీ ఉన్న వేర్వేరు పాత్రలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: నడుము నొప్పి, వెన్నుపూస, డిస్కు, కాపడం, మర్దన, వ్యాయామం, నడక.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో 'నడుము వాల్చడం' అంటే విశ్రాంతి. 'నడుము కట్టడం' అంటే పనికి పూనుకోవడం. నొప్పి వచ్చినప్పుడు సహజంగా మొదటి మాటనే ఆశ్రయిస్తాం. నేటి వైద్యశాస్త్రం మాత్రం రెండవ మాట వైపే ఎక్కువగా మొగ్గుతోంది.

2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారని, 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చని అంచనా. గంటల తరబడి గ్రంథాలయంలో వంగి కూర్చొనే పరిశోధకులకు, వరుస తరగతుల్లో నిలబడే అధ్యాపకులకు ఇది దూరపు లెక్క కాదు. సిద్ధాంతగ్రంథం చివరి అధ్యాయాల వద్ద కుర్చీలో కూర్చోలేని స్థితి వస్తే దెబ్బతినేది ఆరోగ్యం ఒక్కటే కాదు, ఏళ్ల కృషి కూడా.

2. ఒత్తిడి స్వరూపం:
నడుము భాగంలో 5 వెన్నుపూసలు ఉంటాయి. పూసకూ పూసకూ మధ్య మెత్తని దిండులా ఉండేది డిస్కు. దాని నడుమ జిగురు వంటి పదార్థం, చుట్టూ గట్టి నార పొరలు ఉంటాయి. పెద్దవారి డిస్కులో రక్తనాళాలు దాదాపు ఉండవు. చుట్టుపక్కల నుంచి ఊరి వచ్చే ద్రవమే దానికి పోషణ. ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉండడం ఆ ద్రవం రాకపోకలకు తోడ్పడుతుంది. అందువల్ల డిస్కుకు కావలసింది ఒత్తిడి లేకపోవడం కాదు, ఒత్తిడి మారుతూ ఉండడం.

స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960లలోనే డిస్కులోని ఒత్తిడిని కొలిచి, నిలబడినప్పటి కంటే కూర్చున్నప్పుడే అది ఎక్కువని తెలిపారు. 1999లో జర్మనీకి చెందిన విల్కె బృందం ప్రకటించిన కొలతలు ఈ అభిప్రాయాన్ని కొంత సవరించాయి. వాటి ప్రకారం పడుకున్నప్పుడు 0.1, నిలబడినప్పుడు 0.5, ఆనుకోకుండా కూర్చున్నప్పుడు 0.46, బాగా ముందుకు వంగి కూర్చున్నప్పుడు 0.83 మెగాపాస్కళ్ల ఒత్తిడి నమోదైంది. 20 కిలోల బరువును నడుము వంచి ఎత్తితే 2.3, మోకాళ్లు వంచి ఎత్తితే 1.7 కాగా, దానిని ఒంటికి దగ్గరగా పట్టుకుంటే 1.1 మాత్రమే. ఇవి ఒకే వ్యక్తిలో తీసిన కొలతలు కనుక అంకెల కంటే వాటి మధ్య తారతమ్యమే మనకు ముఖ్యం. దోషం కూర్చోవడంలో కంటే వంగి, కదలకుండా కూర్చోవడంలో ఉందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

3. మాటలు కలిగించే భయం:
'ఎముక అరిగింది', 'డిస్కు జారింది' అన్న వాడుక మాటలు వినగానే నడుము ఇక పనికిరాదన్న భావం కలుగుతుంది. అయితే ఏ నొప్పీ లేనివారి స్కానింగులను సమీక్షించిన 2015 నాటి అధ్యయనంలో, డిస్కు క్షీణత లక్షణాలు 20 ఏళ్ల వారిలో 37 శాతం మందికి, 80 ఏళ్ల వారిలో 96 శాతం మందికి కనిపించాయి. అంటే తల నెరవడం వలె ఇదీ చాలావరకు వయసు గుర్తు. చోటు తప్పిన డిస్కు భాగం చాలామందిలో కాలక్రమంలో దానంతటదే కుంచించుకుపోతుంది. భయంతో కదలిక మానుకుంటే కండరాలు బలహీనపడి నొప్పి మరింత స్థిరపడుతుంది.

4. మృదుకణజాల సంరక్షణ:
కండరాలు, వాటిని చుట్టిన పొరలు, స్నాయువులు మృదుకణజాలం కిందికి వస్తాయి. నొప్పి కలిగినప్పుడు వెన్ను పక్కనున్న కండరాలు బిగుసుకుంటాయి. దీనినే మనం 'నడుము పట్టేసింది' అంటాం. ఉప్పు మూటతో కాపడం, వావిలాకు నీళ్ల స్నానం, నూనె మర్దన, ఆయుర్వేదంలోని కటివస్తి ఈ బిగువును సడలించడానికి మన ప్రాంతంలో వాడుకలో ఉన్న పద్ధతులు. వెచ్చదనం, మర్దన కొద్దికాలం పాటు ఉపశమనం ఇస్తాయని ఆధునిక పరిశీలనలూ చెబుతున్నాయి. వెన్నెముకపై నేరుగా నొక్కకుండా, పక్క కండరాలపైనా పిరుదులపైనా మర్దన చేయాలి. గోడకూ పిరుదుకూ మధ్య టెన్నిస్ బంతి ఉంచి మెల్లగా అటూ ఇటూ కదలడం ఎవరికి వారు చేసుకోదగిన పద్ధతి. అయితే మర్దన కండరానికి బలాన్నివ్వదు. అది కదలడానికి వీలు కల్పిస్తుంది. ఆ వీలును వినియోగించుకోవలసింది వ్యాయామంతోనే.

5. వ్యాయామం:
కెనడా ఆచార్యుడు స్టూవర్ట్ మెక్‌గిల్ సూచించిన వ్యాయామాల్లో ఒకటి, చేతులు మోకాళ్లపై నిలిచి ఒక చేతిని ముందుకు, ఎదుటి వైపు కాలిని వెనక్కు చాచడం. భంగిమను 10 సెకన్లకు మించకుండా నిలిపి, అనేకసార్లు చేయడం మేలు. వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి తుంటిని పైకెత్తే సేతుబంధాసనం పిరుదుల కండరాలకు బలాన్నిస్తుంది. న్యూజిలాండ్‌కు చెందిన రాబిన్ మెకెంజీ ప్రచారం చేసిన వెనుకకు వంగే వ్యాయామం మన భుజంగాసనానికి దగ్గరగా ఉంటుంది. కాలిలోకి పాకే నొప్పి దీనివల్ల నడుము వైపు తగ్గుతూ వస్తే మంచి సూచన. కిందికి పాకితే ఆపివేయాలి. రాత్రి డిస్కులు నీరు పీల్చి ఉబ్బుతాయి కనుక నిద్ర లేచిన తొలి గంటలో ముందుకు వంగే ఆసనాలు చేయరాదు.

వీటన్నిటికంటే సులువైనది నడక. ఆస్ట్రేలియాలో 701 మందిపై జరిగి 2024లో వెలువడిన పరిశోధనలో, క్రమంగా పెంచుతూ నడిచినవారికి నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టగా, ఏ చికిత్సా లేనివారికి 112 రోజులే పట్టింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక నొప్పికి వ్యాయామాన్ని, అవగాహన కల్పించడాన్ని, మర్దనను సూచిస్తూ, నడుము పట్టీలను, ట్రాక్షన్‌ను వాడవద్దన్నాయి.

6. వైద్యుని సంప్రదించవలసిన సందర్భాలు:
మలమూత్రాలపై అదుపు తప్పడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం, కాలు బలహీనపడడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో కేన్సర్ ఉండడం, పడిపోయిన తరువాత తీవ్రమైన నొప్పి రావడం వంటి సందర్భాల్లోనూ వైద్యపరీక్ష తప్పనిసరి.

7. ముగింపు:
నడుముపై ఒత్తిడిని తగ్గించడమంటే నడుముకు పని లేకుండా చేయడం కాదు. పనిని శరీరమంతటికీ పంచడం. నొప్పి తీవ్రంగా ఉన్న ఒకటి రెండు రోజులు నడుము వాల్చవచ్చు, కాపడం పెట్టవచ్చు. ఆ తరువాత నెమ్మదిగానైనా కదలాలి. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయడం, పుస్తకాన్ని కంటి ఎత్తుకు తెచ్చుకోవడం, రోజూ నడవడం ఖర్చు లేని మార్గాలు. విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో నిలబడి చదువుకొనే బల్లలు, వెన్నుకు ఆనుడు గల కుర్చీలు ఉండాలని కోరడం పరిశోధన వసతుల్లో భాగంగానే చూడాలి.