‘ఇక్బాల్’ తీసిన హైదరాబాదీ పెద్ద సినిమాలో ఎందుకు తడబడ్డారు?

సంతోష్‌నగర్‌లో ‘ఇక్బాల్’ (2005) గుర్తున్నవాళ్లు చాలామందే ఉంటారు. వినలేని, మాట్లాడలేని కుర్రాడు బౌలర్ కావడం, అన్న కోసం చెల్లెలు ఖదీజా పట్టుబట్టడం... జాతీయ అవార్డు కూడా వచ్చిన ఆ సినిమా తీసింది మన హైదరాబాదీ నగేశ్ కుకునూర్. అంతకుముందు అమెరికాలో ఇంజనీరుగా దాచుకున్న డబ్బుతో, దాదాపు 17 లక్షల్లో ‘హైదరాబాద్ బ్లూస్’ (1998) తీశారు.

2009లో అక్షయ్ కుమార్‌తో ‘8×10 తస్వీర్’ చేశారు. ఫోటోలోకి వెళ్లి గతాన్ని చూసే హీరో, పెద్ద ఖర్చు. సినిమా ఆడలేదు.

ఎందుకంటే, నాకనిపించేది ఇదీ: 17 లక్షల సినిమాను కొద్దిమంది మెచ్చినా చాలు. కోట్లు పెడితే మొదటి మూడు రోజుల్లోనే హాళ్లు నిండాలి. అప్పుడు కథ కంటే ముందు హీరో ఇమేజ్ చూస్తారు. ఖదీజా లాంటి పాత్రకు చోటు దొరకడం కష్టం.

అందరికీ అలాగే జరుగుతుందని కాదు. ‘మహానటి’ తీసిన నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ (2024)తో గెలిచారు. అయితే అక్కడ హీరో ప్రభాస్, నిర్మాత అశ్వనీదత్ స్వయానా ఆయన మామగారు!

కుకునూర్ మళ్లీ చిన్న సినిమాకే వచ్చారు. చూపులేని తమ్ముడి కోసం షారుఖ్ ఖాన్‌ను వెతుక్కుంటూ రాజస్థాన్‌లో బయల్దేరిన అక్క కథ ‘ధనక్’. 2015లో బెర్లిన్ చిత్రోత్సవం పిల్లల విభాగంలో అవార్డు అందుకుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు.