ఉమ్మి చెప్పే చిగుళ్ళ కబురు

ఉమ్మి అనగానే అందరికీ అసహ్యమే. అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీది పాన్ మరకలే గుర్తుకొస్తాయి. కాని నోట్లో ఉన్నంతసేపూ అది అమూల్యమైన ద్రవం. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే లాలాజలంలో 99 శాతం నీరే. మిగతా ఆ ఒక్క శాతంలోనే మన చిగుళ్ళ సంగతి దాగి ఉంది.

పంటి మొదట్లో పాచి పేరుకుంటుంది. అందులోని సూక్ష్మజీవులను తరమడానికి తెల్ల రక్తకణాలు దండెత్తి వస్తాయి. అవి విడిచే ఎంజైములలో ముఖ్యమైనది ఎం.ఎం.పి.-8. అది కొల్లాజెన్ అనే పీచును కోస్తుంది. పంటిని ఎముకకు కట్టి ఉంచేది ఆ పీచే! చేలో పడ్డ పందులను తరమబోయి మన చేనునే తొక్కేసినట్టన్నమాట. సాధారణంగా నొప్పి ఉండదు గనుక రోగికి తెలియదు. పన్ను కదిలేనాటికి ఎముక కరిగిపోయి ఉంటుంది.

డాక్టరు సన్నని కొలత పుల్లతో చిగురు లోతు చూస్తారు. 4 మిల్లీమీటర్లకు చేరితే అనుమానించాలి. అయితే ఆ లోతు జరిగిపోయిన నష్టాన్నే చెబుతుంది. లోపల ఇంకా రగులుతోందా, చల్లారిందా? ఇక్కడే లాలాజలం సాయపడుతుంది. జబ్బున్నవారి ఉమ్మిలో ఎం.ఎం.పి.-8, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ఎక్కువగా కనబడతాయి. గార తీయించి, పంటి వేళ్ళు శుభ్రం చేయించాక తగ్గుతాయి. తగ్గలేదంటే నిప్పు ఆరలేదని అనుమానించాలి.

ఈ కథలో మన తెలుగువాడి పాత్ర కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకు అధిపతిగా ఉన్న లెడర్లీ సంస్థ నుంచే 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే పెద్దన్న. ఈ మందులు కొల్లాజెన్‌ను కోసే ఎంజైములకు కళ్ళెం వేస్తాయని 1980లలో అమెరికాలో లార్న్ గోలబ్ బృందం చూపింది. ఫలితంగా 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్‌కు 1998లో అక్కడ అనుమతి లభించింది. సూక్ష్మజీవులను చంపలేనంత చిన్న మోతాదు అది! అలాగని సొంతంగా కొని మింగేది కాదు.

ఒక హెచ్చరిక. ఉమ్మి నోరంతటికీ ఉమ్మడి సొత్తు. జబ్బు ఏ పంటి దగ్గరుందో అది చెప్పదు. కనుక అది సాక్షి మాత్రమే, తీర్పు డాక్టరుదే. సిగరెట్ తాగేవారికి చిగుళ్ళ రక్తం తక్కువగా కారుతుంది. అది ఆరోగ్యం కాదు, ముసుగు. చక్కెర వ్యాధి ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ.

మిత్రులారా! తోముకునేటప్పుడు రక్తం కనబడితే పుక్కిలించి ఊరుకోకండి. అబిడ్స్ నుంచి అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాల ఎంతో దూరం లేదు. కదిలిన పన్నును నిలబెట్టడంకన్నా కదలకముందు కాపాడుకోవడమే తేలిక.