పెరటి తోటకు రాతి అడ్డుగోడ: పునాదిలో జాగ్రత్తలు

వాలుగా ఉన్న పెరట్లో కూరగాయల మడులు వేస్తే, పెద్ద వానకు పైమట్టి ఎరువుతో సహా కిందికి కొట్టుకుపోతుంది. వాలుకు అడ్డంగా 2 అడుగుల ఎత్తున గోడ కట్టుకుంటే మట్టి నిలుస్తుంది. పొలంలో ఏరిన రాళ్లు చాలు, సిమెంటు అక్కర్లేదు.

ఇలాంటి గోడలు ఎక్కువగా కూలేది పునాది చాలకపోవడం వల్ల, వెనక నీరు నిలవడం వల్ల. అడుగు లోతు, అడుగున్నర వెడల్పున కందకం తవ్వండి. గట్టి ఎర్రనేలకు ఇది సరిపోతుంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అక్కడ మరో అర అడుగు తవ్వి, మొరం పోసి, తడిపి దిమ్మిసతో బాగా కొట్టాలి. అడుగు వరసకు అన్నిటికన్నా పెద్ద రాళ్లు వాడండి. నున్నటి గుండ్రాళ్లు జారతాయి, వద్దు.

పై రాయి కింది రెండు రాళ్ల అతుకు మీద కూర్చోవాలి. అడుగు ఎత్తుకు 2 అంగుళాల చొప్పున గోడను మట్టివైపు వాల్చండి. వెనక అడుగు మందాన కంకర నింపితే నీరు రాళ్ల సందుల్లోంచి బయటికి పోతుంది. చాలామంది ఖర్చని మానేసేది ఈ కంకరనే. నానిన మట్టి బరువుకు గోడ ముందుకు ఉబ్బేది అక్కడే. సిమెంటుతో కట్టేవారు గోడ అడుగున 5 అడుగులకొక పైపు ముక్క పెట్టాలి.

ఎత్తు 3 అడుగులు దాటినా, గోడపైన పశువుల పాక ఉన్నా సొంతంగా కట్టకండి, ఇంజనీరుకు చూపించండి.