నీటిబొట్టు - లోహపు తొడుగు

ఏ బంధమునకును చిక్కని వానిని తామరాకుపై నీటిబొట్టుతో పోల్చుట మన వాడుక. ఆ ఆకుపై పడిన చినుకు ముత్యమువలె గుండ్రనై జారిపోవును. అదే చినుకు శుభ్రమైన గాజుపలకపై పలుచగా పరచుకొనును. నీరొక్కటే, నడవడి వేఱు. దీనికి కారణమేమి?

నీటి అణువులు ఒకదానినొకటి ఆకర్షించుకొనును. అవి తాకిన వస్తువు కూడ వాటిని ఆకర్షించును. మొదటి ఆకర్షణ హెచ్చైనచో బొట్టు గుండ్రనగును. రెండవది హెచ్చైనచో పరచుకొనును. బొట్టు అంచు తలముతో చేయు కోణమునకు స్పర్శకోణమని పేరు. 1805లో థామస్ యంగ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని వివరించెను. ఆ కోణము 90 డిగ్రీలకు మించిన తలము నీటికి విముఖమైనది.

తలము యొక్క ఆకారమునకును ఇందు పాలు కలదు. తామరాకుపై కంటికానని బొడిపెలును, వాటిపై మైనమును ఉండును. బొడిపెల నడుమ గాలి చిక్కుకొనుటచే నీరు వాటి కొనలను మాత్రమే తాకును.

ఈ సంగతి విమానములకు మిక్కిలి అవసరము. శంషాబాదు విమానాశ్రయము 2008లో ప్రారంభమైనది. అచటినుండి నడివేసవిలో బయలుదేరిన విమానము సైతము మిక్కిలి ఎత్తున, గడ్డకట్టు చలిలో ఎగురును. మేఘములలోని అతిశీతల జలబిందువులు రెక్కలకు తగిలి మంచుగా మారినచో, రెక్కల ఎత్తుశక్తి తగ్గి ప్రాణములకే ముప్పు వాటిల్లును. అందుచే పెక్కు విమానములలో ఇంజనునుండి వేడిగాలిని రెక్కల అంచులకు పంపుదురు. బొట్టు నిలువని లోహమున్నచో ఈ శ్రమ కొంత తగ్గవచ్చును.

అందులకై శాస్త్రజ్ఞులు లోహములపై నానోమీటర్ల కొలతలో బొడిపెలను తీర్చుచున్నారు. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు నానోమీటరు. మందమైన రంగు పూసినచో ఆ బొడిపెలు పూడిపోవును. కావున పలుచని తొడుగు కావలెను. అట్టిదే గ్రాఫీను. పెన్సిలులోని గ్రాఫైటు కర్బనపు పొరల దొంతర. అందు ఒక్క పరమాణువు మందముగల పొరయే గ్రాఫీను. 2004లో దీనిని వేరుచేసి చూపిన గైమ్, నోవోసెలోవ్ అనువారు 2010లో నోబెల్ బహుమానము పొందిరి.

2012లో అమెరికాలోని పరిశోధకులు రాగికి ఒక పొర గ్రాఫీను తొడిగి చూడగా, స్పర్శకోణము దాదాపు మారలేదు. రాగి ఆకర్షణ ఆ పొరగుండ నీటిని చేరుచున్నదని వారు తలంచిరి. 2013లో మఱియొక బృందము వేఱొక సంగతి కనుగొనెను. గాలిలోని నూనెవంటి సూక్ష్మపదార్థములు గ్రాఫీనుపై చేరి, దానిని నీటికి మునుపటికంటె విముఖముగా మార్చుచున్నవట! అట్లైనచో మనము కొలుచునది తొడుగు గుణమునా, దానిపై చేరిన మాలిన్యమునా? ఈ సందేహము తీరనిదే ఏ తొడుగును నమ్మి రెక్కలకు వాడరాదు.

దీనిని మీరును పరీక్షింపవచ్చును. రెండు గాజుపలకలను సబ్బుతో కడిగి ఆరబెట్టుడు. ఒకదానిపై కొబ్బరినూనె చుక్కను రుద్ది తుడువుడు. రెంటిపైనను ఒక్కొక్క నీటిబొట్టు ఉంచి ప్రక్కనుండి చూడుడు. కంటికి కానరాని మాలిన్యమును నీటిబొట్టు బయటపెట్టును.