జట్టు మార్చినవాడు

మన హాస్టల్లో ఎవడినైనా గట్టిగా తిట్టాలంటే బూతులు అక్కర్లేదు. "వీడు జట్టు మార్చాడ్రా" అంటే చాలు, వారం రోజులు తలెత్తుకోలేడు. ఈ సంగతి సీనియర్ అన్నలకీ తెలుసు, ఇప్పుడు చదువుకుంటున్న తమ్ముళ్ళకీ తెలుసు. అసలు అభిమాని జట్టు ఎందుకు మారుస్తాడు, అది నిజంగా తప్పేనా అన్నది మేము ఇక్కడ రాయబోతున్నాం. అందుకు కారణం 2018లో మా పదో తరగతి బ్యాచ్ చేసిన ఒక పని.

ఆ జనవరి చివర్లో ఐపీఎల్ వేలం జరిగింది. గుంటూరు ఆటగాడు అంబటి రాయుడు 2010 నుంచి 2017 దాకా ముంబై ఇండియన్స్‌కి ఆడాడు. ఈ వేలంలో చెన్నై సూపర్ కింగ్స్ అతన్ని 2 కోట్ల 20 లక్షలకి కొనుక్కుంది. ఆ వార్త పేపర్లో వచ్చిన పొద్దున, తాడేపల్లిగూడెం దగ్గర్నుంచి వచ్చిన మా మిత్రుడొకడు ట్రంకు పెట్టె మూత లోపల అంటించుకున్న ముంబై జట్టు బొమ్మని చింపేశాడు. అన్నం మెతుకులతో అంటించింది కాబట్టి సగమే ఊడింది. ఆ సాయంత్రం నుంచి మేమెవరం వాడితో మాట్లాడలేదు. భోజనాల వరసలో పక్కన కూర్చోలేదు. పబ్లిక్ పరీక్షలయ్యేదాకా అంతే. మేమంతా సన్‌రైజర్స్ వాళ్ళం. వాడు ముంబై మనిషిగా ఉన్నన్నాళ్ళూ మాకు పేచీ లేదు. అక్కణ్ణించి ఇంకో జట్టుకి వెళ్ళడమే నేరమైంది. వాడు ఒక్క మాటే అన్నాడు: "నేనెప్పుడూ ముంబై కాదురా. నేను రాయుడు."

మరి మా పెట్టె సంగతేమిటి? 2013లో ఆరో తరగతిలో చేరినప్పుడు, హాస్టల్ వదిలి వెళ్తున్న ఒక అన్న తన పెట్టె మాకిచ్చాడు. దాని మూత లోపల గిల్‌క్రిస్ట్ కప్పు పట్టుకున్న బొమ్మ ఉండేది. అది డెక్కన్ చార్జర్స్ జట్టు. 2008లో ఎనిమిది జట్లలో ఎనిమిదోది. మరుసటేడు దక్షిణాఫ్రికాలో జరిగిన ఫైనల్లో బెంగళూరుని 6 పరుగులతో ఓడించి కప్పు తెచ్చింది. 2010లో తెలంగాణ ఉద్యమం వల్ల ఆ జట్టు సొంత మ్యాచ్‌లు హైదరాబాదులో కాక నాగపూర్, కటక్, నవీ ముంబైలలో పెట్టారు. 2012 సెప్టెంబరులో క్రికెట్ బోర్డు ఆ జట్టుని రద్దు చేసింది. అక్టోబరులో హైదరాబాదు పేరు మీద కొత్త జట్టు నడుపుకునే హక్కుని సన్ టీవీ పాడుకుంది. ధావన్, స్టెయిన్ లాంటి పాత ఆటగాళ్ళే రంగు మార్చుకుని 2013లో సన్‌రైజర్స్‌గా దిగారు.

అంటే జట్టు పోయింది, మనుషులు కొందరు మిగిలారు, ఊరి పేరు మిగిలింది. మేము ఆ ఊరి పేరు పట్టుకున్నాం. 2016 మే 29న ఫైనల్. హాస్టళ్ళకి వేసవి సెలవులు. కొల్లేరు లంకల్లోని మా ఊళ్ళో, చేపల చెరువు గట్టు మీద కాపలా పాకలో చిన్న టీవీ ముందు పదిహేను మందిమి కూర్చున్నాం. బెంగళూరు మీదే 8 పరుగులతో గెలిచాం. జూన్‌లో హాస్టల్‌కి రాగానే గిల్‌క్రిస్ట్ మీద వార్నర్ని అంటించాం. మేము కూడా జట్టు మార్చామని అప్పుడు ఒక్కడికీ తోచలేదు! పైగా రాయుడు చెన్నైకి పోయాడని తిట్టిన మేము, యజమాని చెన్నైవాడైన జట్టుని మనదనుకుంటున్నాం.

ఫుట్‌బాల్‌లో ఇంతకంటే చిత్రాలున్నాయి. 2019లో పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టుని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది. 2025లో అదే జట్టు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారింది. ఒకప్పటి పుణెవాళ్ళ బాధ ఇప్పుడు హైదరాబాదువాళ్ళకి వచ్చింది. ఇంగ్లండులో వింబుల్డన్ క్లబ్‌ని దూరాన ఉన్న మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి 2002లో అనుమతి వస్తే, అభిమానులు జట్టు వెంట పోలేదు, పక్క జట్టుకీ మారలేదు. తామే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త జట్టు పెట్టుకుని కింది మెట్టు నుంచి ఆడించుకుంటూ 2011కి లీగ్‌లోకి తెచ్చుకున్నారు. మా ఉద్దేశంలో అది అందరికీ సాధ్యమయ్యే పని కాదు. క్లబ్‌ని తమ ఊరి ఆస్తిగా చూసుకునే చోట కుదిరింది. మన ఐపీఎల్‌లో ఊరి పేరు కూడా పాటకి వచ్చే సరుకే. పెద్ద వేలం వచ్చినప్పుడల్లా ఆటగాళ్ళు చెల్లాచెదురవుతారు. 2025 సీజన్‌కి ఒక్కో జట్టు మహా అయితే ఆరుగురిని అట్టిపెట్టుకోవచ్చన్నారు.

ఊరి పేరు పట్టుకున్న మాకూ అది నిలవలేదు. 2014లో రాష్ట్రం విడిపోయింది, హైదరాబాదు పక్క రాష్ట్రమైంది. వార్నర్ 2021లో కెప్టెన్సీ పోగొట్టుకుని, 2022లో ఢిల్లీకి వెళ్ళి, మే 5న సన్‌రైజర్స్ మీదే 92 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. ఆ రాత్రి ఎవరికి చప్పట్లు కొట్టాలో మాకు తెలియలేదు. 2025 మార్చి 30న విశాఖపట్నంలో ఢిల్లీకీ హైదరాబాదుకీ మ్యాచ్ జరిగితే, మన రాష్ట్రంలోని ఆ మైదానంలో సొంత జట్టు ఢిల్లీ! హైదరాబాదు అతిథి.

అంతదాకా ఎందుకు, 2022 ఏప్రిల్ 4న మన జిల్లాలే మారాయి. కైకలూరు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. మా వైపు కుర్రాళ్ళు పక్కపక్కన పడుకునేవాళ్ళు, ఇప్పుడు కబడ్డీలో ఎదురెదురు జిల్లాలు. వాళ్ళని జట్టు మార్చారని ఎవరమూ అనలేదు.

రాయుడు చెన్నైతో 2018, 2021, 2023లో కప్పు అందుకున్నాడు. ముంబైతో అందుకున్న మూడూ కలిపితే ఆరు. 2023లో ఐపీఎల్ నుంచి తప్పుకున్నాడు. పదమూడేళ్ళలో మా మిత్రుడు ఒక్కసారి కూడా మనిషిని మార్చలేదు. మేము మాత్రం ఒక జట్టుని మరిచిపోయి, ఇంకో జట్టులో ఎవరెవరు ఉన్నారో ప్రతి ఏడూ కొత్తగా నేర్చుకున్నాం.

ఈమధ్య వాడు కనబడితే, ఇప్పుడు ఏ జట్టురా అని అడిగాం. ఇంకా ఎవరినీ అనుకోలేదన్నాడు. అప్పటి సంగతి వాడూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఈ సంచిక ఒకటి వాడికి పంపుతున్నాం.